వాయిదా పడిన తీరం

ఈ పడవకి టైమ్ టేబుల్ లేదు. పన్నెండు మంది పోగైతే బయల్దేరుతుంది. పదకొండు మందే ఉంటే పన్నెండో మనిషి కోసం బెంచీ మీద కూర్చోవాల్సిందే. మరీ తొందరగా ఉంటే ఆ మిగిలిన ఒక్క టికెట్ డబ్బులూ అందరూ కలిసి వేసుకోవచ్చు. కాకినాడలో షేర్ ఆటో ఎక్కినవాళ్ళకి ఈ పద్ధతి విడమరిచి చెప్పక్కర్లేదు. కాకపోతే ఇది సింగపూర్ సంగతి. మెట్రో రైలు నాలుగు నిమిషాలు ఆలస్యమైతే విసుక్కునే ఊరు. అలాంటి ఊళ్ళో ఇలాంటి పడవ ఇంకా నడుస్తోందంటే, అది వెళ్ళే చోటు కూడా కాస్త తేడాగానే ఉండాలి కదా!

ఆ చోటు పేరు పులావ్ ఉబిన్. మలయ్ భాషలో పులావ్ అంటే దీవి. సింగపూర్‌కి ఈశాన్యాన, అటు మలేషియా జొహోర్ తీరానికీ ఇటు సింగపూర్‌కీ మధ్యనున్న జలసంధిలో ఉంటుంది. విస్తీర్ణం సుమారు 10 చదరపు కిలోమీటర్లు. చాంగీ పాయింట్ రేవు నుంచి పది, పదిహేను నిమిషాల ప్రయాణం. నేను ఈ మధ్య వెళ్ళినప్పుడు మనిషికి 4 డాలర్లు తీసుకున్నారు. ముందుగా బుకింగ్ లేదు, పాస్‌పోర్ట్ చూపించడం లేదు. ఎక్కి కూర్చోవడమే.

సింగపూర్‌లో ఉద్యోగాలు చేసుకునే మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నాం. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే చూపించే చోట్ల లిస్టు అందరిదీ ఇంచుమించు ఒకటే: మెరీనా బే, సెంటోసా, జూ, లిటిల్ ఇండియా, చివర్లో ముస్తఫాలో షాపింగ్. మా నాన్న విషయంలో ఆ లిస్టు నాలుగు రోజుల్లో అయిపోయింది. ఐదో రోజు నుంచి ఆయన మా పదహారో అంతస్తు బాల్కనీలో కుర్చీ వేసుకుని, కింద రోడ్డు మీద వెళ్ళే లారీలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఆ శనివారం ఆయన్ని ఉబిన్ తీసుకెళ్ళాను.

రాయి తవ్విన దీవి

ఉబిన్ అంటే గ్రానైట్ రాయి. పేరులోనే దాని చరిత్ర ఉంది. 19వ శతాబ్దం నుంచి ఈ దీవి మీద రాయి తవ్వారు. సింగపూర్ జలసంధి తూర్పు ముఖద్వారంలో 1851లో వెలిగిన హోర్స్‌బర్గ్ లైట్‌హౌస్ ఈ రాయితోనే కట్టారు. సింగపూర్‌నీ మలేషియానీ కలుపుతూ 1924లో తెరిచిన కాజ్‌వే కట్టడానికీ ఇక్కడి రాయి వెళ్ళింది. రాయితో పాటు రబ్బరు తోటలు, కొబ్బరి తోటలు, చేపల వేట. ఒకప్పుడు ఇక్కడ వేలల్లో జనం ఉండేవాళ్ళు. బడి ఉండేది, గుళ్ళు ఉండేవి, వీధి నాటకాలు ఆడేవాళ్ళు.

చివరి క్వారీ 1999లో మూతపడింది. పని పోయాక జనమూ పోయారు. ఇప్పుడు ఇక్కడే ఉండేవాళ్ళు కొన్ని పదుల మంది. సింగపూర్ నుంచి కరెంటు లైను గానీ, మంచినీళ్ళ పైపు గానీ దీవికి రాలేదు. నూతులు, డీజిల్ జనరేటర్లతోనే బండి నడిచింది. 2013లో రేవు పక్కనున్న దుకాణాల కోసం సోలార్ పలకలతో ఒక చిన్న మైక్రోగ్రిడ్ పెట్టారు. తవ్విన క్వారీల్లో వాన నీళ్ళు నిండి చెరువులయ్యాయి. వాటి గట్ల మీద కొంగలు గూళ్ళు కట్టుకున్నాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి చోట్ల గురించి రాసేటప్పుడు "మనిషి చెయ్యి పడని స్వర్గం" అనే మాట ఊరికే వచ్చేస్తుంది. ఉబిన్ అలాంటిది కాదు. బాగా వాడుకుని, అవసరం తీరాక వదిలేసిన దీవి. అడవి తర్వాత మెల్లగా తిరిగొచ్చింది. 19వ శతాబ్దంలోనే సింగపూర్‌లో కనిపించకుండా పోయిన హార్న్‌బిల్ పక్షి ఒకటి, నలుపు తెలుపు రెక్కలతో, ముక్కు మీద ఇంకో ముక్కు పెట్టినట్టుండేది, 1994లో మళ్ళీ ఈ దీవి మీదే కనిపించింది. తర్వాత దాని కోసం గూటి పెట్టెలు కట్టి మరీ పెంచారు. ఇప్పుడు సింగపూర్ నగరంలో కూడా అక్కడక్కడా కనబడుతుంది.

తూర్పు కొస

పడవ దిగినవాళ్ళలో ఎక్కువమంది రేవు దగ్గరే ఆగిపోతారు. సైకిల్ అద్దెకి తీసుకుంటారు, ఒక క్వారీ దాకా వెళ్ళి ఫొటో దిగుతారు, వెనక్కొచ్చి పీతలో రొయ్యలో తిని పడవెక్కుతారు. కుర్రాళ్ళు పడమటి వైపు కేటమ్ బైక్ పార్కుకి పోతారు. తూర్పు కొసకి వెళ్ళాలంటే మూడు కిలోమీటర్ల పైన నడవాలి, ఎండలో, ఎత్తుపల్లాల దారిలో. దాని పేరు చెక్ జావా.

మేం నడిచాం. దారిలో ఇళ్ళు తక్కువ, ఇళ్ళ గుర్తులు ఎక్కువ. నాన్న ఒకచోట ఆగి, "ఇక్కడ కొంప ఉండేదిరా" అన్నారు. నాకు పొదలు తప్ప ఏమీ కనపడలేదు. "పనస చూడు, కొబ్బరి చూడు, వరసలో ఉన్నాయి. అడవి వరసలో మొలుస్తుందా?" అన్నారు. నిజమే. మనుషులు పోయారు, పెరటి చెట్లు మిగిలాయి. కాస్త ముందుకెళ్ళాక ఒక అడవిపంది, వెనకే చారల పిల్లలు నాలుగు, మమ్మల్ని పట్టించుకోకుండా రోడ్డు దాటాయి. నాన్న మాత్రం నన్ను చెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు. నాకు ఇరవై ఎనిమిదేళ్ళు అన్న సంగతి ఆ క్షణంలో ఆయనకి గుర్తున్నట్టు లేదు.

చెక్ జావా మొదట్లో నల్ల కర్రల చట్రంతో, తెల్ల గోడలతో ఒక ఇంగ్లిష్ ఇల్లు ఉంటుంది. 1930లలో ఒక బ్రిటిష్ అధికారి విడిది కోసం కట్టుకున్నాడు. భూమధ్యరేఖకి ఇంత దగ్గర్లో, ఏడాదంతా ఉక్కపోసే చోట, హాల్లో చలిమంట వేసుకునే పొయ్యి కట్టించుకున్నాడు మహానుభావుడు. ఇప్పుడది సందర్శకుల కేంద్రం. చల్లగా ఉంటుంది, కాసేపు కూర్చోవచ్చు.

అక్కడి నుంచి చెక్క దారి మొదలవుతుంది. రెండు చుట్లు కలిపి కిలోమీటరు పైచిలుకు. ఒక చుట్టు సముద్రం మీదుగా, ఇంకోటి మడ అడవిలోంచి. మధ్యలో 20 మీటర్ల ఎత్తున జెజావి టవర్ అనే ఇనప మంచె. చెక్ జావా మొత్తం సుమారు 100 హెక్టార్లు. అంటే మన లెక్కలో 250 ఎకరాలు దాటదు. ఇంత చిన్న చోటులో తీరపు అడవి, మడ, ఇసక తీరం, రాళ్ళ తీరం, సముద్రపు గడ్డి పెరిగే మడుగు, పగడపు ముక్కలు పేరుకున్న తిప్ప, ఆరు రకాల నేలలు పక్కపక్కనే ఉంటాయి. ఆరూ ఒకేచోట దొరకడమే దీని విశేషం.

మేం వెళ్ళేసరికి నీళ్ళు తీసేశాయి. చెక్క దారి కింద అరకిలోమీటరు బురద నేల బయటపడింది. మడ చెట్ల ఊపిరి వేర్లు బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు పైకొచ్చి ఉన్నాయి. ఒక డెక్క చిన్నగా, ఒక డెక్క ఒంటికి మించి పెద్దగా ఉండే చిన్న పీతలు వందల్లో బయటికొచ్చి, ఆ పెద్ద డెక్క ఊపుతూ కూర్చున్నాయి. కళ్ళు నెత్తిన పెట్టుకున్న బురద చేపలు రెక్కల మీద దేక్కుంటూ తిరుగుతున్నాయి.

మాది తాళ్ళరేవు వైపు, కోరంగి మడ అడవికి దగ్గర. అందుకని ఈ దృశ్యం నాన్నకి వింత కాదు. రెయిలింగ్ పట్టుకుని వంగి, చాలాసేపు చూశారు. తర్వాత ఆయన అడిగిన ప్రశ్న ఇదీ:

"గజం నేల ఇంత ఖరీదు ఉన్న దేశం కదరా. దీన్నెందుకు వదిలేసేరు?"

ఖాళీ అనుకున్న చోటు

నిజానికి వదిలెయ్యలేదు. పూడ్చేద్దామనుకున్నారు.

సింగపూర్‌కి నేల తక్కువ. స్వతంత్రం వచ్చేనాటికి సుమారు 580 చదరపు కిలోమీటర్లున్న దేశం, సముద్రాన్ని పూడ్చి పూడ్చి ఇప్పుడు 730 దాటింది. ఆ క్రమంలోనే ఉబిన్ తూర్పు కొసని కూడా పూడ్చాలని 1990ల తొలినాళ్ళలో ప్లాన్ వేశారు. ఎవరూ పెద్దగా అభ్యంతరం చెప్పలేదు. చెప్పడానికి అక్కడేముందో చాలామందికి తెలియదు. పోటు వేళ పడవలోంచి చూస్తే చెక్ జావా అంటే నీళ్ళు, అంతే. నీళ్ళు తీసినప్పుడు దిగి నడిస్తే తప్ప కింద ఉన్నది కనపడదు.

2000 డిసెంబరులో మొక్కలు చూడ్డానికి వచ్చిన ఒక చిన్న గుంపు అలా దిగి నడిచింది. వాళ్ళు చూసింది బయటికొచ్చి చెప్పారు. 2001లో పనులు మొదలయ్యే రోజు దగ్గరపడుతుంటే, రాఫిల్స్ మ్యూజియం పరిశోధకులు, వాలంటీర్లు నీళ్ళు తీసిన ప్రతి అవకాశంలోనూ వెళ్ళి, ఏ ప్రాణి ఎక్కడుందో రాసుకోవడం మొదలుపెట్టారు. మొదట్లో ఉద్దేశం ఆపడం కూడా కాదు, పోయేలోపు కనీసం ఏం పోతోందో లెక్క రాసి పెట్టుకుందామని. ఆఖరి చూపుగా చూసి వద్దామని మామూలు జనం పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు. చూసినవాళ్ళు పత్రికలకి, ప్రభుత్వానికి ఉత్తరాలు రాశారు. ఆ లెక్కలన్నీ నివేదికలై ప్రభుత్వం బల్ల మీదకి చేరాయి.

2001 డిసెంబరులో ప్రభుత్వం పనిని ఆపింది. 2002 జనవరిలో అప్పటి జాతీయాభివృద్ధి మంత్రి మా బౌ టాన్ ఆ నిర్ణయం వివరాలు చెప్పారు: పదేళ్ళ పాటు పూడ్చడం వాయిదా. రద్దు కాదు, వాయిదా. ఆ పదేళ్ళూ ఎప్పుడో గడిచిపోయాయి. దీవిని వీలైనంత కాలం పల్లెటూరిగానే ఉంచుతామన్నది ప్రభుత్వం మాట. అభివృద్ధికి అవసరం పడనంత కాలం అన్న షరతు మాత్రం ఆ మాటలోనే ఉంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఆ టికెట్ క్లోజ్ కాలేదు, బ్యాక్‌లాగ్‌లో ఉంది. ఎవరో ఒకరు ఎప్పుడైనా పైకి లాగొచ్చు.

మనిషి పూడ్చకపోయినంత మాత్రాన దానికి పూర్తి భద్రత ఉందని కాదు. 2006 చివర్లో, 2007 మొదట్లో జొహోర్‌లో విపరీతమైన వానలు పడి వరదలొచ్చాయి. జొహోర్ నది ముఖద్వారానికి ఎదురుగా ఉన్న ఈ తీరం మీదకి మంచినీళ్ళు ముంచుకొచ్చి, ఉప్పునీళ్ళకి అలవాటుపడ్డ ప్రాణులు రాసులుగా చచ్చిపోయాయి. అదే 2007 జూలైలో చెక్క దారి తెరిచారు. తీరం మెల్లగా కోలుకుంది. ఎంత పోయింది, ఎంత తిరిగొచ్చింది అని చెప్పగలిగారంటే, ముందు ఏముండేదో ఎవరో రాసి పెట్టారు కాబట్టే.

వద్దనడానికి నేనెవర్ని?

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. నేను అద్దెకుంటున్న ఫ్లాట్ మెరైన్ పరేడ్‌లో. ఆ పేట మొత్తం పూడ్చిన సముద్రం మీద లేచింది. నాన్న దిగిన చాంగీ విమానాశ్రయంలో పెద్ద భాగం కూడా అంతే. చెక్ జావా మంచె ఎక్కి చూస్తే ఎదురుగా కనిపించే టెకాంగ్ దీవి దగ్గర, నెదర్లాండ్స్‌లో చేసినట్టు గట్టు కట్టి లోపలి నీళ్ళు తోడేసి నేల తీసే పద్ధతిని సింగపూర్ మొదటిసారి చేపట్టింది. రోజూ పూడ్చిన నేల మీద పడుకుని లేచేవాణ్ణి, శనివారం పూట ఇక్కడికొచ్చి "అభివృద్ధి ప్రకృతిని మింగేసింది" అంటే వినేవాళ్ళకి నవ్వొస్తుంది.

అంతకన్నా దగ్గరి లెక్క ఇంకోటుంది. మాకు ఊళ్ళో కాలవ గట్టున ఎకరంన్నర పొలం. నేను ఇంటర్‌లో ఉండగా నాన్న దాన్ని రొయ్యల చెరువుకి లీజుకిచ్చారు. చుట్టూ అందరూ అప్పటికే ఇచ్చేశారు. పక్క చెరువుల ఉప్పు దిగి వరి సరిగ్గా పండటం మానేసింది. నా ఇంజినీరింగ్ నాలుగేళ్ళ ఫీజులూ ఆ లీజు డబ్బులే. ఆ ఎకరంన్నర వరి చేనుగానే ఉండిపోయుంటే నేను ఇప్పుడు ఈ చెక్క దారి మీద నిలబడి ఉండేవాణ్ణి కాదు.

ఇదంతా నాన్నతో అన్నాను. ఆయన వెంటనే ఏమీ అనలేదు. కింద ఒక పీత కన్నంలోకి దూరేదాకా చూసి, అప్పుడన్నారు.

"ఇచ్చినందుకు నాకేం బాధ లేదురా. నువ్వు చదువుకోవాలి, ఇచ్చేను. కానీ ఆ కాలవలో ఏముండేదో నీకు తెలుసా?"

తెలియదు. నేను పుట్టి పెరిగిన ఊరే. చెరువులు కోసినప్పుడల్లా వదిలే నీళ్ళతో నల్లగా ఉండే కాలవే నాకు తెలిసిన కాలవ. ఆయన చిన్నప్పుడు అందులో పండుగప్ప పడేదట. మండపీతల్ని కన్నాల్లోంచి కర్ర కొక్కెంతో లాగేవారట. పోటు నీళ్ళతో పాటు పైకొచ్చి, నీళ్ళు తీసేటప్పుడు గుంటల్లో చిక్కుకుపోయిన చేపల్ని బుట్టలతో ఎత్తేవారట. ఏ నెలలో ఏది, ఏ గాలికి ఏది, ఏది పుల్లగా వండాలి, ఏది వేపుడు చెయ్యాలి. చెబుతూనే ఉన్నారు.

నేను ఫోన్‌లో నోట్స్ తెరిచి రాసుకోవడం మొదలుపెట్టాను. మొదట నవ్వారు. "ఎందుకురా, పరీక్షలో అడుగుతారా?" అన్నారు. తర్వాత ఆయనే నా ఫోన్‌లోకి తొంగి చూసి స్పెల్లింగులు దిద్దారు. పడవెక్కేసరికి పంతొమ్మిది పేర్లయ్యాయి. కొన్నింటికి నిఘంటువులో కూడా మాట దొరుకుతుందో లేదో! మా ఊరి రేవులో అడిగితే చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. నాన్న వయసువాళ్ళు, అంతకు పైబడ్డవాళ్ళు. మా తరంలో నాకు తెలిసి ఎవరూ లేరు.

చెక్ జావాలో జరిగింది చూస్తే నాకు అర్థమైంది ఇంతే. దాన్ని కాపాడింది పెద్ద పోరాటమూ కాదు, గొప్ప మనసూ కాదు. పూడ్చేముందు ఎవరో దిగి, ఏముందో చూసి, రాసి పెట్టారు. చూశాక కూడా పూడ్చాలనే అనుకోవచ్చు, అవసరం అలాంటిదైతే. చాలా చోట్ల అలాగే జరిగింది, రేపు ఇక్కడా జరగొచ్చు. కానీ "అక్కడేముంది, ఖాళీయేగా" అనే మాట మాత్రం ఇక చెల్లదు. మా కాలవ విషయంలో ఆ మాట ఎవరూ అనాల్సిన పని కూడా రాలేదు. ఏముందో రాసినవాళ్ళు లేరు కాబట్టి, పోయింది కూడా ఎవరి లెక్కలోకీ రాలేదు.

మన కోరంగికి కొంత అదృష్టముంది. గోదావరి ముఖద్వారంలోని ఆ మడ అడవిని 1978లోనే అభయారణ్యంగా ప్రకటించారు, 235 చదరపు కిలోమీటర్లు. అక్కడా చెక్క దారి ఉంది, మంచె ఉంది. ఆదివారం పూట కాకినాడ జనమంతా అక్కడే ఉంటారు. అభయారణ్యం హద్దు దాటాక ఉన్న వందల చిన్న కాలవలు, పాయలు, ఉప్పుటేర్లు మాత్రం ఏ బోర్డూ లేనివి. మీ ఊళ్ళోనూ అలాంటిదొకటి ఉండే ఉంటుంది. చెరువో, వాగో, గుట్టో. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉంటే, ఈ ఆదివారం ఫోన్ పట్టుకుని వాళ్ళ పక్కన కూర్చోండి.

వెళ్ళాలనుకుంటే

సింగపూర్ వచ్చేవాళ్ళు ఒక పూట ఉబిన్‌కి కేటాయించొచ్చు. పొద్దున్నే వెళ్తే ఎండ తక్కువ, పడవ కూడా తొందరగా నిండుతుంది. రేవు దగ్గర సైకిళ్ళు అద్దెకిస్తారు. అవి చెక్ జావా గేటు దాకానే, లోపల నడవాల్సిందే. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి రేవు నుంచి వ్యాన్లు దొరుకుతాయి, బేరం ముందే ఆడుకోండి. రేవు దాటితే దుకాణాలుండవు కాబట్టి నీళ్ళ సీసాలు, దోమల మందు, టోపీ వెంట ఉంచుకోండి. కోతుల ముందు ప్లాస్టిక్ కవరు తెరవకండి. అడవిపందులకి తిండి వెయ్యకండి. చెక్క దారి దిగి బురదలోకి సొంతంగా వెళ్ళనివ్వరు. పార్కుల శాఖ వాళ్ళు గైడ్‌తో తీసుకెళ్ళే నడకలకి ముందుగా పేరు నమోదు చేసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం, బయల్దేరేముందు ఆటుపోట్ల పట్టిక చూసుకోండి. నీటి మట్టం అరమీటరు, అంతకు తక్కువ ఉండే వేళ ఎంచుకోండి. పోటు మీద వెళ్తే అక్కడ నీళ్ళు తప్ప ఏమీ కనపడవు.